మలుపు మేకు

ఫోను పెట్టేసరికి పోటీ కమిటీ కార్యదర్శి చేతిలోని పిన్నీసు ఆమె బొటనవేలిలో సగం దిగి ఉంది. ఆమె దాన్ని బయటికి లాగి, డబ్బాలో వేసి, మూత పెట్టింది.

"ఏమంటున్నారు?" అన్నాడు ఎదుటి కుర్చీలోని కంచె.

"రేపు తెల్లవారుజామున మళ్ళీ కొలుస్తారట."

"ఎందుకూ?"

"పొట్టిగా ఉందట."

"రోడ్డు పొట్టిగా ఉండడమేంటి మేడమ్? అవతలి ఊరి దాకా ఉందిగా!"

"రోడ్డు కాదు. మన పరుగు పొట్టిగా ఉందట."

కంచె అంటే బారికేడ్ల కాంట్రాక్టరు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. రావలసిన నాలుగు లక్షలు చేతిలో పడేదాకా కుర్చీలోంచి లేవనని చెప్పాడు. గంటన్నరగా మాట మీదే ఉన్నాడు, కుర్చీ మీదా ఉన్నాడు. పదకొండు వందల ఇనప బారికేడ్లు బయట స్టేడియం గోడ వెంట లారీల్లో ఉన్నాయి. డబ్బు దిగితే అవీ దిగుతాయి.

ఆ రోజు గురువారం. ఆదివారం ఉదయం ఆరింటికి జాతీయ హాఫ్ మారథాన్ ఛాంపియన్‌షిప్. ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లర దూరం. మూడు వేల నాలుగు వందల మంది పేర్లు ఇచ్చారు. వాళ్ళలో నిజంగా పోటీపడేవాళ్ళు నూట ఇరవై మంది. మిగతావాళ్ళు కట్టిన డబ్బుతో ఈ నూట ఇరవై మంది పరిగెత్తుతారు.

ఆ డబ్బు చాలదు. ఎప్పుడూ చాలదు. రోడ్డు మీద నడిస్తే ఎవరూ ఏమీ అడగరు. అదే రోడ్డు మీద నాలుగు గంటలు పరిగెత్తాలంటే పోలీసులకు కట్టాలి, నగరపాలక సంస్థకు కట్టాలి, దారి మళ్ళే బస్సులకు నష్టపరిహారం కట్టాలి, అంబులెన్సు ఊరికే నిలబడినందుకు కట్టాలి. మొత్తం ఖర్చు కోటీ పది లక్షలు. అందులో డెబ్బై లక్షలు పరుపుల కంపెనీ ఇస్తానంది. పరుగుకీ పరుపుకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. అడిగే స్థితిలో ఎవరూ లేరు.

పరుపుల కంపెనీ సగం ముందే ఇచ్చింది. మిగతా సగం ఇవ్వడానికి ఒకటే షరతు: ఆదివారం నాటికి జాతీయ సమాఖ్య ఇచ్చే గుర్తింపు ఉండాలి. దారి ఒక్క మీటరు తగ్గినా గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే ముప్ఫై అయిదు లక్షలు రావు. అవి రాకపోతే పోటీ జరగదు. పోటీ జరగకపోతే సమాఖ్య నలభై లక్షల బ్యాంకు హామీని సొమ్ము చేసుకుంటుంది. ఆ హామీకి కుదువ పెట్టింది కార్యదర్శి ఇంటి కాగితాలు.

ఆమె బడిలో వ్యాయామం టీచరు. పంతొమ్మిదేళ్ళ జీతంలోంచి కట్టుకున్న మూడు గదుల ఇల్లు అది. హామీకి రెండు రోజులే గడువన్నప్పుడు కమిటీలో అందరి వంకా చూశారు. ప్రెసిడెంటు ఆస్తులన్నీ అప్పటికే వేరే బ్యాంకుల్లో ఉన్నాయి. కోశాధికారి వాళ్ళావిడ సంతకం పెట్టనంది. చివరికి ఆమె ఇల్లు మిగిలింది. సంతకం చేసేటప్పుడు ఆమె భర్త ఒక్క మాటే అన్నాడు: "పరుగు నీది. ఇల్లు మాత్రం మనది."

ఫోనులో సమాఖ్య పరిశీలకురాలు పంపిన ఫొటో ఉంది. పేరు లేని ఉత్తరం. టైపు చేసినది, నాలుగే వాక్యాలు.

"హాఫ్ మారథాన్ దారిలో మలుపు మేకు స్థానం మార్చారు. ఇప్పుడున్న దారి ఉండవలసిన దానికన్నా 98.9 మీటర్లు తక్కువ. పోటీకి ముందే సరిచూడగలరు. ఇందులో కార్యదర్శి తప్పు లేదు."

చివరి వాక్యం చదివి కార్యదర్శికి ఒళ్ళు మండింది. దొంగతనం జరిగిన ఇంట్లో ఫలానావిడ దొంగ కాదని ఎవరైనా రాసిపెట్టి వెళ్తే, పోలీసులు మొదట వెళ్ళేది ఆవిడ దగ్గరికే.

తలుపు తెరుచుకుంది. ప్రెసిడెంటు వంగి లోపలికి వచ్చాడు. ఆఫీసు స్టేడియం మెట్ల కింద గది. కప్పు ఏటవాలుగా దిగుతుంది. ఆరడుగుల ప్రెసిడెంటు ఇళ్ళు కట్టి అమ్ముతాడు, ఎవరికీ తల వంచడు. ఈ గదిలో మాత్రం వచ్చిన ప్రతిసారీ వంచుతాడు.

"చూశానమ్మా. నాకూ పంపింది ఆవిడ. ఎవడో గిట్టనివాడు రాసుంటాడు. పేరు లేని ఉత్తరాన్ని ఎవరైనా నమ్ముతారా?"

"నమ్మక్కర్లేదండీ. కొలుస్తారు."

"కొలిస్తే?"

"అదే చూద్దాం పదండి."

"మరి నా సంగతి?" అన్నాడు కంచె.

"మీరూ రండి. మీ లారీయే కావాలి."

ముగ్గురూ లారీ ముందు సీట్లో ఇరుక్కున్నారు. పది కిలోమీటర్ల దారి. గేరు మార్చినప్పుడల్లా కంచె "కొంచెం మోకాలండీ" అంటే ప్రెసిడెంటు మోకాలు జరిపాడు.

దారి చాలా సులువైనది. పరుపుల షోరూము ముందు మొదలై, పెద్ద రోడ్డు వెంట నేరుగా వెళ్ళి, నగరం పొలిమేర దాటిన చోట వెనక్కి తిరిగి, స్టేడియంలో ముగుస్తుంది. ఎక్కడ తిరగాలో అక్కడ రోడ్డు నడిమధ్య ఒక ఇనప మేకు, దాని కింద రేకు బిళ్ళ, చుట్టూ పసుపు రంగు గీత. ఆ మేకే అన్నిటికీ ప్రమాణం. బారికేడ్లు దాన్ని బట్టే, పోలీసులు దాన్ని బట్టే.

ముగ్గురూ దిగి చూశారు. మేకు ఉంది. బిళ్ళ ఉంది. పసుపు గీత ఉంది. నగరం సరిహద్దు బోర్డు మాత్రం మేకుకి అవతల, ఎనిమిది అడుగుల దూరంలో ఉంది.

కార్యదర్శి ఆ బోర్డు వంక చాలాసేపు చూసింది.

మూడు వారాల కిందట ఇదే బోర్డు గురించి ఆమె పొరుగు మునిసిపాలిటీకి ఉత్తరం రాసింది. మలుపు వాళ్ళ పరిధిలో యాభై మీటర్ల చిల్లర లోపలికి వెళ్తుంది. ఆ యాభై మీటర్ల రోడ్డు మూసినందుకు వాళ్ళు ఆరు లక్షలు అడిగారు. ఆ ఆరు లక్షలూ బడ్జెట్‌లో లేవు. తగ్గించండి మహాప్రభో అని ఆమె రాస్తే, వాళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి, మేకు చూసి, జవాబు పంపాడు: "మీ మలుపు మా పరిధిలోకి రాదు. రుసుము అవసరం లేదు."

ఆ ఉత్తరం వచ్చిన రోజు కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. మేకు అటు ఉండాలి కదా, ఇటు ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. కార్యదర్శీ అడగలేదు. ఆరు లక్షలు మిగిలిన రోజున ప్రశ్నలు వేయబుద్ధి కాదు.

"ఇదిగో మేడమ్!" కంచె అవతలి నుంచి అరిచాడు. అతను రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. "ఇక్కడ చూడండి. తారు బొట్టు. కొత్తది. కింద చిల్లుంది. గీతని చెక్కేసి మసి కూడా పూశాడు, పనిమంతుడే."

టేపు పరిచారు. పాత చిల్లు నుంచి కొత్త మేకు దాకా సరిగ్గా అరవై మీటర్లు. సెంటీమీటరు అటూ లేదు, ఇటూ లేదు.

"అరవై పోనూ అరవై రానూ. నూట ఇరవై మీటర్లు మింగేశారు," అన్నాడు కంచె. "ఎవరండీ ఆ మహానుభావుడు?"

కార్యదర్శి ప్రెసిడెంటు వైపు తిరిగింది.

"పోయిన నెల మీటింగులో మీరేమన్నారు? 'ఆ ఆరు లక్షల సంగతి నాకు వదిలేయండి' అన్నారు."

"అన్నాను."

"వదిలేశాం."

"అంటే, నేను మేకు పీకాననా? నేను?" ప్రెసిడెంటు చుట్టూ చూశాడు. "అమ్మా, నేను బిల్డర్ని. నా చేత్తో మేకు కొట్టి ఇరవై ఏళ్ళయింది. నేను చేసింది ఆ ఇన్‌స్పెక్టరుకి భోజనం పెట్టించడం, అంతే. వాడు తిని, ఏమీ చెయ్యకుండా పోయాడు."

"అంతేనా?"

ప్రెసిడెంటు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కోటు జేబులు తడుముకున్నాడు.

"మెడల్స్ ఇత్తడివి కావు," అన్నాడు చివరికి. "ప్లాస్టిక్. పైన పూత. దగ్గర్నుంచి చూస్తే తప్ప తెలీదు. లక్షన్నర మిగిలింది. చెబుదామనే అనుకుంటున్నాను."

కార్యదర్శి కంచె వైపు తిరిగింది.

"నా వైపు చూడకండి," అన్నాడు కంచె. "మేకు ఇటు జరిగితే నాకు బారికేడ్లు తగ్గుతాయి. అద్దె తగ్గుతుంది. నాకేం లాభం?"

"మరెందుకు చెమట?"

"పదకొండు వందల్లో మూడొందలు నావి కావు. పశువుల సంత నుంచి తెచ్చాను. కొంచెం వాసనొస్తాయి. పందెంవాళ్ళు పక్కనుంచే పోతారు గదా, ఎంతసేపు పీలుస్తారులే అనుకున్నా."

పది నిమిషాల్లో ఇద్దరు నేరాలు ఒప్పుకున్నారు. రెండూ వేరే నేరాలు.

ఫోను మోగింది. పరిశీలకురాలు రైల్లో ఉన్నట్టుంది, వెనక చప్పుడు వినబడుతోంది. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

"మీకు నిబంధన చెప్పడానికి చేశాను. మేకు కదిలిందని తేలితే, ఎవరు కదిపారో మీ కమిటీ తరఫున కార్యదర్శి చెప్పాలి. చెప్పి, దారి సరిచేస్తే, అది ఒక మనిషి తప్పు అవుతుంది. ఆ మనిషిని తీసేస్తాం, గుర్తింపు ఉంటుంది. చెప్పకపోతే కమిటీ తప్పు. గుర్తింపు పోతుంది."

"తెలియకపోతేనో?"

"తెలుసుకోండి. రేపు తొమ్మిదింటి దాకా టైముంది."

కార్యదర్శి ఆ మాట మిగతా ఇద్దరికీ చెప్పింది. అప్పుడు కంచెకు ఒక ఆలోచన వచ్చింది. అతని ఆలోచనలు ఎప్పుడూ ధరతో సహా వస్తాయి.

"మా వాళ్ళలో ఒకడి మీద వేసెయ్యండి మేడమ్. బారికేడ్లు సర్దుతూ అడ్డమని పీకాడు, తర్వాత భయపడి ఎక్కడో కొట్టాడు. ఎవడంటారా? పని మానేసి పోయినవాడు ఒకడున్నాడు, వాడికి తెలియను కూడా తెలీదు. నా నాలుగు లక్షలూ ఇవాళే ఇచ్చెయ్యండి, నేనే వచ్చి సాక్ష్యం చెబుతా."

"మంచి ఐడియా!" అన్నాడు ప్రెసిడెంటు. "ఎవరికీ నష్టం లేదు."

"ఆ పోయినవాడికి?"

"వాడు లేడుగా!"

ఆమె లారీ ఎక్కి, సంచిలోంచి ఒక పోటీదారు నెంబరు కాగితం తీసి, వెనక్కి తిప్పి, లెక్క రాసుకుంది. అరవై, అరవై. నూట ఇరవై. ఉత్తరంలో ఉన్నది 98.9.

మేకు కదిలిందని చూసినవాడెవడైనా కంచెలాగే నూట ఇరవై అంటాడు. మరి ఈ మనిషి ఇరవై ఒకటీ పాయింటు ఒకటి ఎందుకు తగ్గించాడు?

సగం దారిలో ఆమె "ఆపండి" అంది.

"ఏమైంది?"

"ఇక్కడ దింపెయ్యండి. మా బాబాయి ఇంటికి వెళ్ళాలి."

దారులు కొలిచేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి బయటివాళ్ళకు తెలీదు, తెలిసినా నమ్మరు. కొలతలో పొరపాటు ఎప్పుడైనా వస్తుంది కాబట్టి, ప్రతి కిలోమీటరుకీ ఒక మీటరు కావాలనే ఎక్కువ వేస్తారు. ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లర దారి నిజానికి ఇరవై ఒకటీ పాయింటు ఒకటి మీటర్లు ఎక్కువ పొడుగు ఉంటుంది. ఆ దారిలోంచి నూట ఇరవై మీటర్లు కోసేసినా, నిజంగా తగ్గేది 98.9 మాత్రమే. ఇది లెక్కలోకి తీసుకుని ఉత్తరం రాసేవాడు ఊళ్ళో ఒక్కడే. పేరు దాచుకున్నాడు. సెంటీమీటర్లను మాత్రం దాచలేకపోయాడు.

ఆమె నాన్న తమ్ముడు. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యాడు. ఇరవై ఆరేళ్ళుగా దారులు కొలుస్తున్నాడు; ఈ దారీ ఆయన కొలిచిందే. సైకిలు ముందు చక్రానికి లెక్క యంత్రం బిగించి, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి కొలవడం ఆ పని. కొలవబోయే ముందు ఉక్కు టేపుతో పరిచిన మూడొందల మీటర్ల మీద నాలుగుసార్లు తొక్కి చక్రాన్ని సరిచూస్తాడు. కొలిచాక మళ్ళీ నాలుగుసార్లు తొక్కుతాడు, మధ్యలో ఎండకు టైరు ఉబ్బి ఉంటుందని. స్టేడియంలో అందరూ ఆయన్ని సెంటీమీటరు అంటారు. ఆయనకు కోపం రాదు. మిల్లీమీటరు అనాలని సరిదిద్దుతాడు.

ఆమె వెళ్ళేసరికి ఆయన వరండాలో సైకిలు బోర్లించి గొలుసుకు నూనె పెడుతున్నాడు.

"రా అమ్మాయ్. టీ తాగుతావా?"

"ఉత్తరం నువ్వే రాశావు కదూ బాబాయ్."

ఆయన నూనె డబ్బా కింద పెట్టాడు.

"ఎలా తెలిసింది?"

"నూట ఇరవై అని రాయాల్సింది."

"అది తప్పు కదే!" అన్నాడు ఆయన నిజంగా బాధపడుతూ. "సమాఖ్యకి తప్పు అంకె ఎలా పంపుతాను?"

పిన్ని లోపల్నుంచి రెండు గ్లాసులు తెచ్చి స్టూలు మీద పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

"నాతో చెప్పొచ్చు కదా. ఫోను చేస్తే అయిపోయేది. పేరు లేకుండా వాళ్ళకెందుకు రాశావు? నా ఇల్లు ఉందని తెలుసుగా."

"నీతో చెబితే నువ్వు నోరు మూసుకుంటావు," అన్నాడు ఆయన. "ఇల్లుందిగా."

ఆమె తిట్టబోయి ఆగింది. ఆయన చెప్పింది నిజమే.

"సరే. మేకు కదిలిందని నీకు ఎప్పుడు తెలిసింది?"

"టీ చల్లారిపోతోంది."

"బాబాయ్."

"మూడు వారాల కిందట ఒకరోజు నువ్విక్కడికి వచ్చావు. గుర్తుందా? ఇదే మెట్టు మీద కూర్చున్నావు. ఆరు లక్షలు ఎక్కడ తేవాలో తెలీట్లేదు, ఇల్లు పోయేట్టుంది అన్నావు. టీ కూడా తాగలేదు. మళ్ళీ వారం తిరక్కుండానే వచ్చావు, ఆరు లక్షలు మిగిలాయి బాబాయ్ అని నవ్వుతూ. ఆర్నెల్లయింది నువ్వు నవ్వి. మీ పిన్ని కూడా అంది." ఆయన పెడలు ఒకసారి చేత్తో తిప్పాడు. చక్రం గిరగిరా తిరిగింది. "ఆ నవ్వు చూసి ఊరుకున్నాను. పది రోజులు. అన్నం సయించలేదు. నూట ఇరవై మంది పిల్లలు సంవత్సరం పాటు పరిగెత్తి, ఇక్కడికొచ్చి, మంచి టైము తెచ్చుకుని, తర్వాత ఎవడో కొలిచి చూసి ఈ టైములన్నీ చెల్లవంటే? వాళ్ళకి ఎవరు చెబుతారు?"

ఆమె గ్లాసు తీసుకుంది. చేతిలో పట్టుకుని కూర్చుంది. అరవై మీటర్లు సెంటీమీటరు తేడా లేకుండా కొలిచి మేకు కొట్టడం కూలివాడి పని కాదు. ఇన్‌స్పెక్టరు పని కాదు. ఆ సంగతి రోడ్డు మీద టేపు పరిచినప్పుడే ఆమె చూసింది. చూసి, చూడనట్టు టేపు చుట్టేసింది.

"రేపు తొమ్మిదింటికి నన్ను అడుగుతారు," అంది.

"అడుగుతారు."

"ఏం చెప్పను?"

"నేను లేచి చెబితే కమిటీ నాతో చెప్పించిందంటారు. నిబంధన నాకు తెలుసు. నువ్వు చెప్పాలి."

"కంచె వాళ్ళ మనిషి మీద వేద్దామంటున్నాడు. పని మానేసిన వాడట."

ఆయన మొదటిసారి కోపంగా చూశాడు.

"ఎవడు?"

"ఎవడో."

"ఎవడో అంటే ఎవడూ కాదనా నీ ఉద్దేశం? వాడికీ ఒక పేరుంటుందిగా! టీ తాగి వెళ్ళు. రేపు నాలుగున్నరకి మూడొందల మీటర్ల దగ్గర ఉండాలి నేను."

సాయంత్రం ఆరింటికి ప్రెసిడెంటు ఫోను చేశాడు. మెడల్స్ సంగతి బయటపెట్టాక ఆయనకు ఎక్కడలేని హుషారొచ్చింది.

"అమ్మా, ఆరు లక్షలు దొరికాయి. మోకాళ్ళ డాక్టరు ఇస్తున్నాడు."

"ఏ డాక్టరు?"

"మోకాళ్ళు మార్చే ఆయన. పెద్ద ఆసుపత్రి. అప్పుడొకసారి వస్తే, పరుపులవాళ్ళ ఒప్పందంలో నగరంలో వేరే బోర్డు పెట్టకూడదని మనం కాదన్నాం. నేను ఒప్పందం మళ్ళీ చదివాను. నగరంలో అని ఉంది. పాత మేకు నగరంలో లేదు! యాభై మీటర్లు అవతల ఉంది. అక్కడ ఎంత బోర్డయినా పెట్టుకోవచ్చు."

"ఏమని రాస్తాడట?"

"'ఇక్కడ తిరగండి, తర్వాత మా దగ్గరికి రండి' అని."

"పెట్టమనండి."

"ఇచ్చేది మాత్రం నాలుగున్నరే. మిగతా లక్షన్నర మెడల్స్‌లో మిగిలిందిగా, అది వేద్దాం." కాసేపు ఆగి, "మరి ఆ కూలివాడి సంగతి ఖాయమేనా? ఆవిడ అడిగినప్పుడు నువ్వు తటపటాయించకు. నేనందుకుంటాను," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది. భర్త పక్క గదిలోంచి తొంగిచూశాడు.

"ఇల్లు ఉన్నట్టా, పోయినట్టా?"

"ఉన్నట్టే."

"మరి ఆ మొహమేంటి?"

శుక్రవారం తెల్లవారుజామున పరిశీలకురాలు కొలిచింది. యాభై ఏళ్ళ సన్నటి మనిషి, తన సైకిలు తనే రైల్లో తెచ్చుకుంది. ముందు పోలీసు జీపు, మధ్యలో ఆవిడ, వెనక బాబాయి సైకిలు, ఆ వెనక కంచె లారీలో కార్యదర్శి. కొలిచేవాళ్ళు రోడ్డు మీద అందరూ తొక్కినట్టు తొక్కరు. మలుపులో లోపలి అంచుకు ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో, పరిగెత్తేవాడు వెళ్ళగల అతి దగ్గరి దారినే పట్టుకుపోతారు. ఇద్దరూ ఒకే గీత మీద పోతుంటే వెనక నుంచి ఒక్క సైకిలు పోతున్నట్టుంది.

మేకు దగ్గర ఆవిడ ఆగి యంత్రం అంకె రాసుకుంది. తర్వాత పాత చిల్లు దగ్గరికి తొక్కి మళ్ళీ రాసుకుంది. బాబాయి తన పుస్తకంలో రాసుకున్నాడు. పుస్తకాలు మార్చుకుని చూసుకున్నారు.

"మీ టైరు గాలి ఎంత?" అంది ఆవిడ.

"పొద్దున నిండా కొట్టాను. ఒక్క పిసరు తగ్గి ఉంటుంది."

"నాదీ అంతే." ఆవిడ పుస్తకం తిరిగి ఇచ్చింది. "నాకు 99.4 మీటర్లు తక్కువ వచ్చింది సార్. మీకెంతొచ్చింది?"

"నేనెందుకు చెప్పాలి? మీ అంకే లెక్క."

"ఉత్తరంలో 98.9 ఉంది. రాసినవాళ్ళ కొలతే నాకన్నా మెరుగ్గా ఉంది."

బాబాయి సైకిలు తిప్పుకున్నాడు. కార్యదర్శి లారీ అద్దంలోంచి ఆవిడ మొహం చూసింది. ఈ పని చేసేవాళ్ళు దేశం మొత్తం మీద పదకొండు మంది. వాళ్ళలో నలుగురికి చక్రం సరిచూడడం నేర్పింది బాబాయే. ఆవిడ ఆ నలుగురిలో ఒకరు.

తొమ్మిదింటికి మెట్ల కింద గదిలో అయిదుగురు కూర్చున్నారు. ప్రెసిడెంటు, కంచె ఒకపక్క. బాబాయి గోడవైపు బెంచీ మీద, మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని. పరిశీలకురాలు బల్ల మీద ఒక ఫారం పరిచింది. ఒక గడి తప్ప అన్నీ నింపి ఉన్నాయి.

"మలుపు పాత చోటికి వెళ్తుంది. పొరుగు మునిసిపాలిటీ అనుమతి వచ్చిందన్నారు, మంచిది. దారి సరిపోతుంది." ఆవిడ కలం మూత తీసింది. "ఇక మేకు."

"మేడమ్, దాని గురించి మేం రాత్రంతా—" ప్రెసిడెంటు లేవబోయాడు. కప్పు తగిలింది. కూర్చున్నాడు.

"అంటే, మా కాంట్రాక్టరు దగ్గర ఒక కూలివాడు ఉండేవాడండీ," అన్నాడు కూర్చునే.

"ఉండేవాడండీ," అన్నాడు కంచె. "మనిషి కొంచెం తిక్క."

"అతను అరవై మీటర్లు టేపుతో కొలిచి కొట్టాడా?" అంది పరిశీలకురాలు.

కంచె ప్రెసిడెంటు వంక చూశాడు. ప్రెసిడెంటు కప్పు వంక చూశాడు.

"చాలా తిక్క మనిషండీ," అన్నాడు కంచె.

ఆవిడ వాళ్ళను వదిలేసి కార్యదర్శి వైపు తిరిగింది. గొంతు కొంచెం తగ్గించింది.

"నాకు ఒక అనుమానం ఉంది. అనుమానాన్ని ఈ గడిలో రాయలేను. మీరు చెబితే రాస్తాను. చెప్పినవాళ్ళ పేరు కూడా రాస్తాను. ఆ మనిషి పేరు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది. మళ్ళీ ఏ దారీ కొలవడానికి ఉండదు. అది తెలిసి చెప్పండి. లేదా, తెలియదని చెప్పండి, గుర్తింపు వెనక్కి తీసుకుని మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతాను. లేదా, వీళ్ళు చెప్పిన కూలివాడే అనండి. మీరు సంతకం చేస్తే నేను ఒప్పుకోక తప్పదు."

మూడు దారులు. రెండింట్లో బాబాయి సైకిలు ఉంటుంది.

కూలివాడు అంటే సరిపోతుంది. ఇల్లు ఉంటుంది. పోటీ ఉంటుంది. బాబాయి వచ్చే నెల ఇంకో ఊళ్ళో తెల్లవారుజామున టైరుకి గాలి కొట్టుకుంటాడు. ఎక్కడో ఒక మనిషికి, తనకు తెలియకుండా, తన పేరు మీద ఒక మేకు పడుతుంది.

కార్యదర్శి గోడవైపు చూసింది. బాబాయి ఆమె వంక చూడడం లేదు. ఫారంలోని ఖాళీ గడి వంక చూస్తున్నాడు. ఇంకా కొలవని రోడ్డు వంక ఎలా చూస్తాడో అలాగే.

"చెప్పమ్మా," అన్నాడు ప్రెసిడెంటు. "కూలివాడని చెప్పెయ్."

"కూలివాడు కాదండీ," అంది కార్యదర్శి.

పరిశీలకురాలి కలం గడి దగ్గర ఆగింది.

"మరి ఎవరు?"

ఆమె గదిలో అందరికీ వినబడేలా చెప్పింది.

"మా బాబాయి."